నిలిచిన లారీ - ఆడుచున్న ఇంజను

మన ఇండ్లకు వచ్చు బియ్యము, ఉల్లిపాయలు, సిమెంటు, మందులు - వీనిలో అధికభాగము ఏదో ఒక రాత్రి లారీ మీద ప్రయాణము చేసినవే. లారీ నడచునపుడు డీజిలు కాలుట సహజము. ఆ ఖర్చునకు సరకు ముందుకు సాగుచున్నది. కాని గుంటూరు మిర్చియార్డు వంటి చోట్లను, ఓడరేవుల ద్వారముల వద్దను, గిడ్డంగుల ముందరను బారులు తీరిన లారీలలో, చక్రము కదలకున్నను ఇంజను ఆడుచునే యుండుట కలదు. డ్రైవరు ఆ ఇంజనును ఆపవలెనా, ఆడనీయవలెనా అనునది మా నేటి విషయము.

ముందు లెక్క చూతము. బరువు లారీ ఇంజను నిలిచి యుండియే గంటకు సుమారు 2 లీటర్ల డీజిలును త్రాగును; ఇంజను పెద్దదైనను, ఏ.సి. భారము తోడైనను ఇంకను హెచ్చును. రోజునకు 4 గంటల చొప్పున నెలలో 25 దినములు ఇట్లు ఆడినచో 200 లీటర్లగును. లీటరు 90 రూపాయలుగా లెక్కించినను 18,000 రూపాయలు పొగయై పోయినట్లే. ఆ పొగతో అర టన్నుకు మించిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఆ సొమ్మును యజమాని భరింపవలెను; లేదా కిరాయిలో చేరి తుదకు మన సరకుల ధరలోనికి రావలెను.

నష్టము ఇంతటితో తీరదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. లోపలి గాలిని గట్టిగా అదుముటచే పుట్టిన వేడికే ఇంధనము మండును. భారము లేక ఆడునపుడు ఇంజను తగినంత వేడెక్కదు. ఇంధనము పూర్తిగా మండదు. మసి కూడును, మండని డీజిలు కొంత జారి ఇంజను ఆయిలును పలుచన చేయును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 ప్రమాణము ననుసరించిన లారీలలో పొగను శుద్ధిచేయు సాధనములు కలవు. కాని అవి పనిచేయుటకు పొగగొట్టమున తగిన వేడి యుండవలెను. ఊరక ఆడు ఇంజను ఆ వేడి నీయజాలదు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2012లో నిర్ణయించినది. ఆ పొగను అందరికంటె ముందుగా పీల్చువారు డ్రైవరు, క్లీనరు, ప్రక్కనే బస్తాలు మోయు కూలీలు.

అట్లయిన డ్రైవర్లు ఎందుకు ఆపరు? వారి కారణములను తోసివేయరాదు. టర్బో గల ఇంజను ఎక్కుడు బరువును లాగి వచ్చిన వెంటనే ఆపరాదనుట నిజము. అది చల్లబడుటకు మూడు నాలుగు నిమిషములు చాలును. మూడు గంటలు అక్కరలేదు. బ్యాటరీ బలహీనమై, సెల్ఫు పట్టునో పట్టదో యను భయము మరియొకటి. బ్రేకుల గాలి దిగిపోవునను భయమును గలదు. కాని బాగుగానున్న బండిలో గాలి అంత త్వరగా దిగదు. దిగినచో ఎక్కడనో లీకు ఉన్నదన్నమాట. ఇంజను ఆడించుట ఆ లోపమును కప్పిపుచ్చుటయే గాని బాగుచేయుట కాదు. బ్యాటరీ మార్పించుట, లీకు కట్టించుట యజమాని బాధ్యతలు.

ఒక హెచ్చరిక అవసరము. ఆపుమనునది నిలిచిన బండికే. డీజిలు ఆదా యగునని ఘాటురోడ్డు దిగునపుడు ఇంజను ఆపుట ప్రాణాంతకము. స్టీరింగు బిగియును, బ్రేకులకు గాలి నింపు కంప్రెసరు ఆగును, ఇంజను పట్టు తొలగును.

అన్నింటికంటె బలమైన కారణము నిద్ర. వేసవి రాత్రి క్యాబినులో ఉక్కకు తాళలేక డ్రైవరు ఇంజను ఆడించి ఏ.సి. వేసికొనును. 2025 నుండి క్రొత్తగా తయారగు బరువు లారీల క్యాబినుకు ఏ.సి. తప్పనిసరి చేసిరి. అది మంచి నియమమే. నిద్రలేని డ్రైవరు తనకును, దారిన పోవువారికిని అపాయము. కాని సాధారణముగా ఆ ఏ.సి.ని త్రిప్పునది ఇంజనే. మూసిన క్యాబినులో ఇంజను ఆడించుచు నిద్రించుటలో ఇంకొక ముప్పును గలదు: పొగగొట్టము లీకైనచో వాసన లేని విషవాయువు లోనికి చేరవచ్చును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నిలిచిన డీజిలు లారీ 5 నిమిషములకు మించి ఇంజను ఆడింపరాదను నిబంధన కలదు. 2008 నుండి డ్రైవరు నిద్రించు లారీలకును దానిని వర్తింపజేసిరి. అయితే బ్యాటరీతో నడచు ఏ.సి., చిన్న సహాయక ఇంజను, విశ్రాంతి స్థలమున విద్యుత్తు తగిలించు ఏర్పాటు వంటి మార్గములు అక్కడ వాడుకలో కలవు. ప్రత్యామ్నాయము చూపని నిషేధము మన ఎండలలో డ్రైవరు నిద్రకే దండన యగును.

మన దేశానుభవమే ఇంకొక దారి చూపుచున్నది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట రాష్ట్ర సరిహద్దులలోని వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగినవి. 2021 ఫిబ్రవరిలో టోలు గేట్ల వద్ద ఫాస్టాగు తప్పనిసరి యయినది. నిరీక్షణ తగ్గినచో, ఆపుమని ఎవరును చెప్పకయే ఆ ఇంజన్ల వృథా తగ్గును. యార్డులును, కర్మాగారములును లారీలకు వేళ నిర్ణయించి పిలిచిన, వరుస నంబరిచ్చి నీడయు, నీరును, పడుకొనుటకు గదియు చూపిన, డ్రైవరు తానే తాళము త్రిప్పును.

కావున కొద్ది నిమిషములకు మించి నిలుచు బండికి ఇంజను ఆపుట మేలని మా అభిప్రాయము. కాని ఆపగల వీలు కల్పించుట యజమానికిని, సరకు పంపువారికిని, దింపించుకొనువారికిని చెందిన పని. మన వాకిట సిమెంటు బస్తాలు దించు లారీ ఆగినపుడు, "డ్రైవరుగారూ, ఇంజను కట్టివేసి ఇట్లు నీడకు రండి" అని పిలిచి మంచినీళ్ళీయవచ్చును. ఇసుక దించు టిప్పరు తొట్టి లేచుటకు మాత్రము ఇంజను ఆడవలసినదే. ఆ కాసేపు ఓర్చుకొందము.