లాటిను పేర్ల తోకలు

వృక్షశాస్త్రము చదువు విద్యార్థిని తికమకపెట్టు చిన్న చిక్కు ఒకటి కలదు. వరి ఒరైజా సటైవా. ముల్లంగి రఫానస్ సటైవస్. బఠాణీ పైసమ్ సటైవమ్. ఇవి వేర్వేరు మాటలని తలచి బట్టీపట్టువారు ఒకదాని తోక మరియొకదానికి తగిలించి మార్కులు పోగొట్టుకొనుచుందురు.

మూడింటి అర్థము ఒక్కటే: ‘విత్తి పండించునది’. లాటినులో లింగములు మూడు. విశేషణము తన విశేష్యముయొక్క లింగమునే ధరింపవలెను. సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్త కాదు: సుందరః, సుందరీ, సుందరమ్. తెలుగున మాత్రము మంచి కొడుకు, మంచి కూతురు, మంచి పుస్తకము, ‘మంచి’ మారదు. మనవారు తడబడునది ఇచటనే.

తోకను బట్టి లింగమును నిర్ణయించుటయు అన్నివేళల చెల్లదు. చింత టామరిండస్ ఇండికా. ‘అస్’ సాధారణముగా పుంలింగపు తోక కదా, ‘ఇండికస్’ ఏల కాలేదు? రోమనులు చాల చెట్ల పేర్లను స్త్రీలింగమున వాడిరి. స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఆ సంప్రదాయమునే పాటించెను. రావి ఫైకస్ రెలిజియోసా అగుటయు ఇట్టిదే. తాటి మాత్రము ఇందుకు లొంగలేదు; బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, అనగా ‘విసనకర్రలు మోయువాడు’, పుంలింగముననే నిలిచినది!

లింగమువద్ద తడబడిన తెలుగు విద్యార్థి విభక్తివద్ద తేరుకొనును. తిరుమల కొండలలో పెరుగు సైకస్ బెడ్డోమియై పేరున రెండవ మాట షష్ఠీ విభక్తి. మదరాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా పనిచేసిన ‘బెడ్డోముయొక్క’ అని అర్థము.

ఇక అనువాదము. ‘ఆర్బర్ మాగ్నా, ఫోలియిస్ ఒవాటిస్, ఫ్లోరిబస్ ఆల్బిస్.’ ఆర్బర్ చెట్టు, మాగ్నా పెద్దది, ఫోలియమ్ ఆకు, ఒవాటస్ గ్రుడ్డు ఆకారము గలది, ఫ్లోస్ పువ్వు, ఆల్బస్ తెల్లనిది. నిఘంటువు చూచి మాటకు మాట పెట్టినచో ముక్కలే మిగులును. ‘ఇస్’, ‘ఇబస్’ అను తోకలు ఇచట మన ‘తో’ ప్రత్యయము చేయు పనినే చేయుచున్నవి: ‘అండాకారపు ఆకులతోను, తెల్లని పూవులతోను ఉన్న పెద్ద చెట్టు’. అదే ‘ఫోలియో ఒవాటో’ అని ఉన్నచో ఏకవచనము. ఒంటి ఆకు మొక్క అగును. తోక చూడనివాడు ఒక మొక్కను మరియొక మొక్కగా పొరబడును.

1935 మొదలు 2011 వరకు ప్రకటించిన క్రొత్త మొక్కల పేర్లు చెల్లుటకు ఇట్టి లాటిను వర్ణన సాధారణముగా తప్పనిసరి. 2012 నుండి ఇంగ్లీషు వర్ణనయు చెల్లుచున్నది. పేరు మాత్రము నేటికిని లాటిను వ్యాకరణమునకు లోబడవలసినదే.

ధనియాల మొక్క పేరు కోరియాండ్రమ్. దానికి సటైవస్, సటైవా, సటైవమ్‌లలో ఏది చేరునో విద్యార్థులు చెప్పవలెను.