పడుగులో తెలిసిన లెక్క పరీక్షలో ఎందుకు తప్పుతుంది?

రాజపాళయం పక్కనున్న సత్రపట్టి అనగానే గుర్తొచ్చేది బ్యాండేజీ గుడ్డ. మరమగ్గాలున్న ఇంట్లో పెరిగిన పిల్లవాణ్ణి అడగండి: అంగుళానికి 20 పోగుల చొప్పున 36 అంగుళాల పన్నాకు పడుగులో ఎన్ని పోగులు పట్టాలి? 720 అని నోటితోనే చెప్పగలడు. అదే లెక్కలో 36 తీసేసి 'ఎక్స్' పెడితే కలం ఆగిపోవచ్చు.

ఇది తెలివి తక్కువై కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలను పరిశీలించి 2025లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బేరంలో చిక్కు లెక్కలు నోటితో తేల్చిన పిల్లలు బడి పద్ధతిలో రాసిన తేలికపాటి లెక్కల దగ్గర తడబడ్డారు. బడి పిల్లల సంగతి దీనికి తలకిందులు: కాగితం మీద వచ్చిన లెక్కను బజారులో చేయలేకపోయారు. రెంటికీ మధ్య వంతెన తనంతట తాను పడదు. మేష్టారే వేయాలి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. దేశంలోని 28 జిల్లాల్లో జరిగిన 2023 'అసర్' విద్యా సర్వేలో 14–18 ఏళ్లవారిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో సరిగా భాగించినవారు 43.3 శాతమే. పదో తరగతిలో బీజగణితం రాలేదని మనం బాధపడుతుంటాం. కానీ పోగు తెగింది నాలుగో తరగతి దగ్గర. తెగినచోట ముడి వేయకుండా మగ్గం నడిపితే గుడ్డంతా ఆ లోపం సాగుతుంది.

అందుకే తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి పిల్లలను కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని 'ప్రథమ్' సంస్థ వ్యాప్తిలోకి తెచ్చింది. వెనకబడ్డ పిల్లలకు ఊతంగా తమిళనాడు 2021లో మొదలుపెట్టిన 'ఇల్లం తేడి కల్వి' సాయంత్రపు తరగతులు ఎనిమిదో తరగతి వరకే పెట్టారు. ఊతం బాగా అవసరమైన తొమ్మిది, పది తరగతులు బయటే మిగిలాయి. అది పెద్ద లోటు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం ఉన్న పిల్లలకు మాట కూడా అడ్డే. భిన్నం తమిళంలోనూ 'పిన్నమే', ఇబ్బంది లేదు. త్రిభుజం మాత్రం 'ముక్కోణం', నిష్పత్తి 'విగిదం'. ఒక్కసారి రెండు మాటలూ పక్కపక్కన రాసి చూపితే చాలు. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే తెలుగు చేశాడు. ఇంటి భాషలో లెక్క చెప్పడం మనకు కొత్త కాదు.

మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఈ ఆదివారం ఒక్క భాగహారం ఇచ్చి చూడండి. తప్పితే కసరకండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.