ప్యాకేజీ నిర్వచనము - సమీక్ష

ప్యాకేజీ నిర్వచనపు సమీక్ష అనగా, స్వేచ్ఛా సాఫ్టువేరు పంపిణీలో కొత్తగా ఒక సాఫ్టువేరును చేర్చుటకు ఒకరు వ్రాసి సమర్పించిన పత్రమును, ఆమోదమునకు ముందు మరియొకరు పరిశీలించు పద్ధతి. డెబియన్ (1993), ఫెడోరా (2003), గ్నూ గీక్స్ (2012) మొదలైన పంపిణీలలో ఈ పద్ధతి ఏదో ఒక రూపమున ఉన్నది. ఈ వ్యాసములో తెలుగు ఖతులను, అనగా ఫాంట్లను, ఉదాహరణగా తీసుకొనడమైనది. తెలుగు చదువరికి ఈ సమీక్షతో నేరుగా పని పడునది అక్కడనే.

నిర్వచనములో ఉండునవి

నిర్వచనము సాఫ్టువేరు కాదు. సాఫ్టువేరును ఎక్కడనుండి తేవలెను, ఎట్లు నిర్మించవలెను, ఏ చోట ఉంచవలెను అని కంప్యూటరునకు చెప్పు చిన్న పత్రము. అందులో పేరు, వెర్షను సంఖ్య, మూలము దొరకు చిరునామా, ఆ మూలపు హ్యాష్ సంఖ్య, నిర్మాణ విధానము, అవసరమైన ఇతర ప్యాకేజీలు, ఒక వాక్యపు పరిచయము, కొంత వివరణ, లైసెన్సు ఉండును. గీక్స్‌లో దీనిని స్కీమ్ అను ప్రోగ్రామింగు భాషలో వ్రాయుదురు. ఫెడోరాలో 'స్పెక్' ఫైలు అందురు. డెబియన్‌లో కంట్రోల్, రూల్స్, చేంజ్‌లాగ్, కాపీరైట్ మొదలైన పేర్లతో కొన్ని ఫైళ్ళు ఉండును. ఒక ఖతికైతే ఇరువది ముప్పది పంక్తులు చాలును.

చిన్నదే కదా యని చూడక విడువరాదు. ఆమోదము పొందిన పిదప ఆ ప్యాకేజీ పెట్టుకొను ప్రతి కంప్యూటరులోను ఈ పత్రములో వ్రాసినది వ్రాసినట్లే జరుగును. డెబియన్, ఫెడోరాలలో ప్యాకేజీని స్థాపించునపుడు నడచు ఆదేశములు ఉన్నచో, అవి ఆ కంప్యూటరు నిర్వాహకుని పూర్తి అధికారముతో నడచును. వ్రాసినవారే దిద్దుకొన్న వ్యాసమున తప్పులు మిగులుట బడిపంతుళ్ళకు నిత్యానుభవము. అందుచేత వ్రాసినవారు వేరు, చూచువారు వేరు కావలెనని నియమము. ఫెడోరాలో మొదటిసారి ప్యాకేజీ ఇచ్చువారికి అనుభవజ్ఞుడొకరు హామీదారుగా ఉండవలెను. డెబియన్‌లోను కొత్తవారు చేసినదానిని అధికారము గల మరియొకరు తమ సంతకముతో పైకి పంపవలెను.

తెలుగు ఖతులు

తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు, రెడ్‌హ్యాట్ సంస్థ వెలువరించిన లోహిత్ తెలుగు ఖతి ఇట్లు పంపిణీలలో చేరినవే. డెబియన్‌లో పోతన, వేమన రెండును 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అను ఒక్క ప్యాకేజీలో ఉన్నవి. ఫెడోరాలో ఆ రెంటికి వేర్వేరు ప్యాకేజీలు. కాకుమాను వంటి గ్రామములోని బడిలో ఎవరైన లైనక్సు కంప్యూటరును తెరచి తెలుగు పుటను చూచినపుడు చదరపు గడులు కాక అక్షరములు కన్పించుటకు కారణము, ఎప్పుడో ఎవరో వ్రాసిన అటువంటి నిర్వచనము, దానిని చదివి సరే యన్న మరియొకరు.

లైసెన్సు

సమీక్షకుడు మొదట చూడవలసినది లైసెన్సు. వెల లేకుండ దొరకుట వేరు, స్వేచ్ఛగా ఉండుట వేరు. 'సొంత వాడుకకు మాత్రమే ఉచితము' అని ఉన్న ఖతి ఎంత అందముగా ఉన్నను డెబియన్ ప్రధాన భాగమున చేరదు. 1997లో డెబియన్ ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము వాడుటకు, మార్చుటకు, పంచుటకు, అమ్ముటకు కూడ అనుమతి ఉండవలెను. కొత్త పేరుతో వచ్చు ప్రతి ప్యాకేజీని అక్కడ ఒక ప్రత్యేక బృందము వరుసలో నిలిపి, కాపీరైటు వివరములను స్వయముగా చదివి పంపును.

పాత ప్యాకేజీకి కొత్త వెర్షను వచ్చినపుడు కూడ ఇది మరల చూడవలసినదే. లోహిత్ ఖతులు మొదట జీపీఎల్ లైసెన్సుతో ఉండి, 2011లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారినవి. సంఖ్య మార్చి లైసెన్సు పంక్తిని అట్లే వదలిన నిర్వచనము పైకి నిర్దోషముగానే ఉండును, యంత్రము దానిని తప్పు పట్టదు. ఓపెన్ ఫాంట్ లైసెన్సులో మరియొక మెలిక ఉన్నది. ఖతికర్త తన ఖతి పేరును ప్రత్యేకించుకొని ఉన్నచో, దానిని మార్చి పంచువారు ఆ పేరు వాడరాదు. కాబట్టి సమర్పించినవారు ఖతిలో ఏ చిన్న సవరణ చేసినను సమీక్షకుడు పేరు సంగతి అడుగవలెను.

హ్యాష్ చెప్పునది, చెప్పనిది

హ్యాష్ అనగా ఒక ఫైలునుండి గణించి తీసిన పొడవైన సంఖ్య. ఫైలులో ఒక్క అక్షరము మారినను ఈ సంఖ్య పూర్తిగా మారిపోవును. సాధారణముగా షా-256 అను పద్ధతిని వాడుదురు. సమీక్షకుడు సమర్పించినవారి ఫైలును నమ్మక, మూలస్థానమునుండి తానే దిగుమతి చేసుకొని సంఖ్య సరిచూడవలెను. ఫెడోరా సమీక్షలో ఇది తప్పనిసరి అంశము. గీక్స్‌లో సంఖ్య కలియనిచో నిర్మాణమే ఆగిపోవును.

ఈ ప్రాంతపు వరి రైతులకు దీనిని తేలికగా చెప్పవచ్చును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి (బీపీటీ 5204) విత్తనమును కొనునపుడు సంచికి కట్టిన చీటీ చూతురు. మూలవిత్తనమునకు తెల్లచీటీ, ధ్రువీకరించిన విత్తనమునకు నీలిచీటీ. సంచి మార్గమధ్యమున విప్పబడలేదని సీలు చెప్పును. లోపలి గింజ మంచిదని చెప్పుటకు అంతకుముందే ఎవరో పొలములో దిగి కల్తీ మొక్కలున్నవేమో చూచి ఉండవలెను. హ్యాష్ సీలు వంటిది మాత్రమే.

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతము ఇందుకు నిదర్శనము. ఫైళ్ళను కుదించు ఈ సాఫ్టువేరు యొక్క 5.6.0, 5.6.1 వెర్షనులలో దొంగదారి ఒకటి చొప్పించబడినది. చొప్పించినది బయటివారు కాదు, కొన్నేళ్ళు పనిచేసి నమ్మకము సంపాదించిన నిర్వాహకుని పేరుతోనే జరిగినది. అందరికి కన్పించు మూలసంకేత భాండారములో లేని ఒక ముఖ్యమైన భాగము విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉండెను. పంపిణీలు తెచ్చుకొన్నది ఆ కట్టనే. హ్యాష్ సరిపోయినది, చిరునామా సరియైనది, నిర్మాణము సజావుగా జరిగినది. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు సుమారు అరసెకను ఎక్కువ పట్టుచున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ప్రోగ్రామరు ఆరా తీయుటచే గుట్టు తెలిసినది. డెబియన్ స్థిర విడుదలలో ఆ వెర్షనులు అప్పటికి చేరలేదు. అప్పటినుండి విడుదల కట్టకు బదులు భాండారమునుండియే మూలమును తీసుకొనుట మేలన్న వాదము బలపడినది.

పంపిణీవారు స్వయముగా చేయు సవరణలు

దోషము ఎల్లప్పుడు పైనుండి రాదు. 2006లో ఒక పరీక్షాసాధనము చూపిన హెచ్చరికలను తొలగించుటకై డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో మూలసంకేతమునుండి కొంత తీసివేసిరి. దానితో రహస్య తాళములను పుట్టించు యాదృచ్ఛికత దాదాపు నశించినది. ప్రక్రియ సంఖ్య ఒక్కటే మిగిలినది, ఆ సంఖ్య సాధారణముగా 32,768కి మించదు. 2008 మే 13న ఈ సంగతి ప్రకటించువరకు డెబియన్, ఉబుంటులలో ఎందరో ఊహించుటకు వీలైన తాళములు వాడిరి. అందుచేత నిర్వచనముతోపాటు సవరణ ఏదైన ఉన్నచో అది ఎందుకు, మూలరచయితలకు పంపితిరా, వారేమనిరి అని అడుగుట సమీక్షకుని విధి. అడుగుటకు మొగమాటపడరాదు.

తెరపై చదివి చూచుట

నిర్వచనములలోని సాధారణ లోపములను పట్టుటకు డెబియన్‌లో లింటియన్, ఫెడోరాలో ఆర్‌పీఎం‌లింట్, గీక్స్‌లో గీక్స్ లింట్ అను సాధనములు ఉన్నవి. ఖతిలో ఏయే అక్షరములున్నవో లెక్కించి, తెలుగునకు సరిపోవునో లేదో చెప్పుటకు ఫాంట్‌కాన్ఫిగ్ ఉన్నది. ఇవన్నియు బాగుగనున్నవని చెప్పినను తెలుగు బాగుగనున్నదని అర్థము కాదు. యూనీకోడులో తెలుగునకు 128 స్థానములు మాత్రమే ఉన్నవి, వత్తులకు వేరు స్థానములు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వచ్చినపుడు వత్తును కూర్చునది ఖతిలోపలి పట్టికలు, వాటిని అమలుపరచు హార్ఫ్‌బజ్ వంటి సాఫ్టువేరు. ఫాంట్‌కాన్ఫిగ్ లెక్కించునది అక్షరములను, కూర్పును కాదు.

మన ప్రాంతపు పేర్లనే టైపు చేసి చూడవచ్చును. కాకుమాను, తెనాలి అను పేర్లలో వత్తులు లేవు. గుణింతములు సరిగా ఉన్న ఏ ఖతియైనను వాటిని సరిగనే చూపును గనుక అవి పరీక్షకు చాలవు. బాపట్ల అని వ్రాసినచో టకారము క్రింద లవత్తు రావలెను. రేపల్లెలో పైన ఎత్వము, క్రింద లవత్తు రెండును ఒకే అక్షరమున ఇమడవలెను. ఆపై రాష్ట్రము, స్త్రీ, లక్ష్మి, జ్ఞానము చూడవలెను. రెండు వరుసలు వ్రాసి, పై వరుసలోని వత్తుల అడుగు తెగిపోవుచున్నదేమో చూడవలెను. సాఫ్ట్‌వేర్ వంటి అరువుమాటల నడుమ పొల్లు నిలుచుచున్నదా, లేక వవత్తుగా మారుచున్నదా అనునది మరియొక పరీక్ష. 2021లో యూనీకోడు 14.0లో చేరిన నకారపొల్లు అంతకుముందు ఖతులలో సహజముగా ఉండదు. అది దోషము కాదు, కాని వివరణలో చెప్పుట మంచిది.

ఈ విషయములో ధనము గల సంస్థలు కూడ పొరబడినవి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను అక్షరము ఒకానొక సంకేతక్రమములో వచ్చినచో ఐఫోనులలో సందేశములు చూపు అప్లికేషనులు మూతపడెడివి. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదలతో యాపిల్ సంస్థ దానిని సరిదిద్దినది.

పంపిణీల సమీక్షకులు లోకమంతట ఉన్నారు, వారిలో అధికులకు తెలుగు చదువరాదు. రేపల్లె విరిగి కన్పించినను వారికి తెలియదు. కావున తెలుగు ఖతిని గూర్చి ఒక తెలుగు చదువరి వ్రాయు నాలుగు మాటలకు అక్కడ విలువ ఉన్నది. దానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. 'సరిగా లేదు' అని మాత్రము వ్రాసిన ఉపయోగము తక్కువ. ఏ మాట టైపు చేసినది, ఏ సాఫ్టువేరులో చూచినది, ఖతి వెర్షను సంఖ్య ఎంత, ఎట్లు కన్పించినది, ఎట్లు కన్పించవలెను అని వ్రాసి, తెర బొమ్మను జతచేయవలెను. దోషము ఖతిలో ఉన్నదో, నిర్వచనములో ఉన్నదో, అక్షరములు కూర్చు సాఫ్టువేరులో ఉన్నదో తేల్చుకొనుటకు వారికి ఆ వివరములే ఆధారము.