మెరిసే రేకు మాటున

కారు వెనుక తగిలించుకొని వెళ్లే ప్రయాణపు ట్రైలరు అమెరికాలో అనేక కుటుంబాలకు సెలవుల ఇల్లు. 1936లో వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ నుండి 'క్లిప్పర్' అను అల్యూమినియం ట్రైలరును తెచ్చాడు. తరువాత షాస్టా వంటి చిన్న ట్రైలర్లు వచ్చాయి. వీటికి లోపల కొయ్యచట్రం, పైన పలుచని రేకు. అలనాటివి నేటికీ పొలాల గట్లపైన, పాత షెడ్లలోన దొరుకుతుంటాయి.

ప్రియ పాఠకులారా, ఇటువంటి దానిని కొని బాగుచేయగోరువారు మొదట చూడవలసినది రంగు కాదు, తడి. పైకప్పు అతుకుల నుండి, కిటికీ అంచుల నుండి దిగిన నీటికి కొయ్య ఏళ్ల తరబడి నాని చివికిపోతుంది. రేకు మాత్రం మెరుస్తూనే ఉంటుంది! గనుక మూలలలో నేలను కాలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే లోపల చివికినట్లే. అప్పుడు రేకు విప్పి, చెడిన కొయ్య తీసి, అదే కొలతకు కొత్తది అమర్చి, అతుకులను బ్యూటైల్ పట్టీతో నీరు చొరకుండ మూయాలి. ఇరుసు, బ్రేకులు, గ్యాసు గొట్టాలు పరీక్షించాలి. టైర్ల గాడులు బాగున్నా, ఏళ్లు గడిచినవైతే మార్చవలసినదే.

రంగు వేయుట చివరి పని. అందులో ప్రయాణించే సామాను మనదే, రాత్రి నిద్రించేది మన బిడ్డలే. అందుచేత కంటికి కనబడని పనినే ముందు చేద్దాము.