అతిధ్వనులతో నీటి కొలత - తప్పు వెదకు క్రమము

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమునుండి తార్నాకకు ఒక నీటి గొట్టము పోవుచున్నదనుకొనుడు. దాని వ్యాసము 300 మిల్లీమీటర్లు. ఆవరణ ద్వారము వద్ద ఒక మీటరు, తార్నాక చివర మరియొక మీటరు ఉన్నవి. మొదటిది గంటకు 250 ఘనమీటర్లనియు, రెండవది 220 అనియు చూపుచున్నవి. నడుమ శాఖ గొట్టమేదియు లేదు. తక్కిన 30 ఘనమీటర్లు భూమిలో ఇంకిపోవుచున్నవా? లేక మీటరే తప్పు చెప్పుచున్నదా? హైదరాబాదుకు కృష్ణా, గోదావరి జలములు వంద కిలోమీటర్లకు పైగా గొట్టములలో ప్రయాణించి వచ్చుచున్నవి. అట్టి నీరు కారిపోయినను నష్టమే. లేని కారుడుకై వీధి త్రవ్వినను నష్టమే.

సెకండుకు 20,000 కంపనములను మించిన ధ్వని మన చెవికి వినబడదు. దానినే అతిధ్వని అందురు. 1950వ దశకములో ఉస్మానియా ఉపకులపతిగా నుండిన ఆచార్య సూరి భగవంతం, అంతకు పూర్వము ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అతిధ్వనులతో స్ఫటికముల స్థితిస్థాపకతను కొలచిరి. ఆ ధ్వనియే నేడు నీటి ప్రవాహమును కొలచుటకును ఉపయోగపడుచున్నది.

గొట్టమునకు రంధ్రము చేయకయే, వెలుపల రెండు ట్రాన్స్‌డ్యూసర్లను బిగింతురు. ఒకటి పంపిన ధ్వనిని రెండవది అందుకొనును. పిమ్మట రెండవది పంపును. ఏటివాలున పోవు పడవ త్వరగాను, ఎదురీదు పడవ ఆలస్యముగాను చేరునుగదా! ధ్వనియు అంతే. ఆ కాలభేదమునుండి నీటి వేగము తెలియును.

అయితే ఈ భేదము ఎంత? మన గొట్టములో నీరు సెకండుకు 1 మీటరు వేగముతో పారుచుండగా, ధ్వని 45 డిగ్రీల ఏటవాలుగా పోయినచో, దాని ప్రయాణ కాలము సుమారు 290 మైక్రోసెకండ్లు. రెండు దిశల నడుమ భేదము 0.27 మైక్రోసెకండు మాత్రమే. ఇంత సూక్ష్మమైన కొలతను చిన్న లోపమైనను చెరుపగలదు. కావున యంత్రమును అనుమానించుటకు ముందు గొట్టమును పరీక్షింపవలెను.

మొదట, సంకేతము బలముగా నున్నదా? నీటినుండి గాలిలోనికి ధ్వనిశక్తిలో వెయ్యింట ఒక వంతు మాత్రమే పోగలదు. ట్రాన్స్‌డ్యూసరు క్రింద గ్రీజు ఎండి, గాలి పొర చేరినను, నీటిలో బుడగలు హెచ్చినను సంకేతము క్షీణించును.

రెండవది, గొట్టము నిండుగా నున్నదా? అడ్డముగా నున్న గొట్టములో గాలి పైన, బురద క్రింద చేరును. కావున ప్రక్కల బిగింపవలెను.

మూడవది, వంపులు, కవాటములు దగ్గరనున్నవా? అచట నీరు సుడులు తిరుగును. మీటరుకు ముందు వ్యాసమునకు 10 రెట్లు, తరువాత 5 రెట్లు, అనగా 3 మీటర్లు, 1.5 మీటర్లు, తిన్నని గొట్టముండుట సాధారణ నియమము.

నాల్గవది, యంత్రమునకు ఇచ్చిన కొలతలు నిజమైనవేనా? లోపల పొర పేరుకొని వ్యాసము 290 మిల్లీమీటర్లయినచో, నీరు పారు వైశాల్యము సుమారు 6.6 శాతము తగ్గును. యంత్రము మాత్రము పాత లెక్కనే వేయుచుండును.

ఐదవది, కవాటము మూసి, నీరు నిలిచినపుడు మీటరు సున్న చూపుచున్నదా?

చివరకు రెండు మీటర్లను పరస్పరము మార్చి బిగింపవలెను. తక్కువ అంకె మీటరుతోపాటు స్థలము మారినచో దోషము మీటరుది. అంకె తార్నాకలోనే నిలిచినచో అచటి అమరికను సరిదిద్ది మరల చూడవలెను. అప్పటికిని 30 ఘనమీటర్ల తేడా పోనిచో, ఇక గునపము చేతబట్టవచ్చును.