ఫైళ్ల పంపకం – ఐపీ చిరునామాల వడపోత

ఒక తరగతిలో నలభైమంది విద్యార్థులున్నారు. పంతులుగారి దగ్గర 400 పుటల వ్రాతప్రతి ఒక్కటే ఉన్నది. అందరికీ నకలు కావలెను. ఒకరి తరువాత ఒకరు కూర్చుని వ్రాసుకొంటే ఏడాది గడిచినా పని తెమలదు. అందుచేత పంతులుగారు ప్రతిని విప్పి తలా పది పుటలు ఇచ్చినారు. తన పుటలు నకలు చేసుకొన్నవాడు వాటిని ప్రక్కవానికిచ్చి, అతని పుటలు తాను తీసుకొంటాడు. అయితే ఈ పనిలో ఎవరెవరు చేరినారో అందరికీ తెలియాలి గదా! అందుకని వారి పేర్లు ఒక కాగితంమీద వ్రాసి గోడకు అంటించినారు.

2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికా ప్రోగ్రామరు రూపొందించిన బిట్‌టొరెంట్ పద్ధతి ఇటువంటిదే. పెద్ద ఫైలును చిన్న ముక్కలు చేసి, కోరినవారంతా ఒకరి ముక్కలు ఒకరు ఇచ్చిపుచ్చుకొంటారు. లినక్స్ వంటి ఉచిత వ్యవస్థలను నేటికీ ఈ మార్గాన పంచుతున్నారు. గోడమీది కాగితం వంటి కంప్యూటరును ట్రాకరు అంటారు. అందులో ఉండేవి మనుషుల పేర్లు కావు, ఐపీ చిరునామాలు.

ఐపీ చిరునామా అంటే ఇంటర్నెట్‌లో మన కంప్యూటరుకు, లేదా మన ఇంటి రౌటరుకు, ఉండే అంకె. ఎక్కువ వాడుకలో ఉన్న నాలుగవ కూర్పులో అది 192.0.2.45 వలె, 0 నుండి 255 వరకు గల నాలుగు సంఖ్యలతో ఉంటుంది. (ఇది ఎవరి ఇంటిదో అని సందేహించనక్కరలేదు, ఈ వరుసను పుస్తకాలలో ఉదాహరణలకోసమే కేటాయించినారు.) ఇట్టివి 256ను నాలుగుసార్లు గుణించినన్ని, అనగా సుమారు 429 కోట్లు, సాధ్యం. ఫలానా వేళకు ఫలానా చిరునామా ఏ చందాదారునిదో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ తన పద్దులు చూచి చెప్పగలదు. మొబైల్ ఫోన్లలో అనేకులు ఒకే చిరునామా వెనుక ఉంటారు గనుక అక్కడ ఇంకొక వివరం కూడ కావలసి వస్తుంది. అదికూడ పద్దులలో ఉండవచ్చును.

2003 సెప్టెంబరులో అమెరికా సంగీత రికార్డుల సంస్థల సంఘం పాటలు పంచుకొన్న 261 మందిమీద దావాలు వేసినది. వారి ఆచూకీకి మూలం ఐపీ చిరునామాలే. చిరునామాలను అడ్డగించే పీర్‌గార్డియన్ అనే సాఫ్ట్‌వేరు బయటికి వచ్చినదీ ఆ ఏడే. దాని వారసునిగా 2009లో పీర్‌బ్లాక్ వచ్చినది. అనుమతి లేని పాటలు పంచడం చట్టవిరుద్ధమనేది వేరే మాట. వడపోత ఉన్నా లేకున్నా అందులో మార్పు లేదు. ధర్మమైన ఫైలే పంచుకొంటున్నా, నేనేమి తీసుకొంటున్నానో అపరిచితులకెందుకు తెలియాలి అని అడిగే హక్కు మనకున్నది. మన ప్రశ్న ఒక్కటే: ఆ పనిని ఈ సాఫ్ట్‌వేరు ఎంతవరకు చేయగలదు?

అది పనిచేసే తీరు సులభం. ఇంటర్నెట్‌లో ప్రయాణించే ప్రతి ప్యాకెట్ తలమీద పంపినవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా ఉంటాయి. సాఫ్ట్‌వేరు దగ్గర నిషిద్ధ చిరునామాల జాబితా ఉంటుంది. "ఇక్కడినుండి ఇక్కడివరకు" అని వరుసలుగా వ్రాసి, వాటిని చిన్న సంఖ్యనుండి పెద్ద సంఖ్యకు పేర్చి ఉంచుతారు. వచ్చిన చిరునామాను జాబితా నడిమి వరుసతో పోల్చి, అది పైసగంలో ఉంటుందో క్రిందిసగంలో ఉంటుందో తేల్చి, ఆ సగాన్ని మరల సగం చేస్తారు. నిఘంటువులో మనం మాట వెదికే పద్ధతే ఇది. రెండు లక్షల వరుసలున్నా 18 పోలికలతో పని ముగుస్తుంది. దొరికితే ప్యాకెట్‌ను పారవేస్తుంది, దొరకకపోతే వదలిపెడుతుంది.

తరగతి భాషలో చెప్పాలంటే, నలుగురైదుగురి పేర్లు మన జేబులో వ్రాసుకొని, "వీరితో మాటలాడను" అనుకొన్నట్లు. వారు మన దగ్గరకు వచ్చి "నీ దగ్గర ఏయే పుటలున్నవి?" అని అడిగితే బదులు చెప్పము. బాగానే ఉన్నది. కాని గోడమీద మన పేరు అట్లాగే ఉన్నది గదా! నిఘా వేసేవాడు మన దగ్గరకు రానక్కరలేదు, గోడను చదివితే చాలును. మన కంప్యూటరులోని వడపోతకు ఆ సంగతే తెలియదు.

గోడ చదవడంలో ఉన్న పొరపాటును వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 2008లో సరదాగా నిరూపించినారు. ట్రాకరు జాబితాలో ఇతరుల చిరునామాను కూడ చేర్పించవచ్చునని గమనించి, తమ ప్రయోగశాలలోని ప్రింటర్ల చిరునామాలు చేర్పించినారు. కొన్నాళ్లకు ఆ ప్రింటర్ల పేరిట, సినిమాలు పంచుతున్నారని, ఫిర్యాదు నోటీసులు వచ్చినవి! నేరమెరుగనివాడు కూడ ఇట్లా చిక్కుకొనవచ్చును. అతని కంప్యూటరులో ఎంత గట్టి వడపోత ఉన్నా ప్రయోజనం లేదు.

ఇక జాబితా మాట. దానిని కూర్చేవారు సాధారణంగా స్వచ్ఛంద కార్యకర్తలు. చిరునామాల కేటాయింపు దస్తావేజులు చూచి, అనుమానించదగిన సంస్థలను ఊహించి చేరుస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖవారు గ్నుటెల్లా అనే పంపక వలయాన్ని పరిశీలించగా, తాము కలిసిన చిరునామాలలో నూటికి 12 నుండి 17 వరకు ఇట్టి జాబితాలలో ఉన్నవే. జాబితాలో ఉన్నంతమాత్రాన గూఢచారి అని కాదు సుమా. 2012లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవారు బిట్‌టొరెంట్‌లో నిఘా వేసేవారి ప్రవర్తననే పరిశీలించి, జాబితాలలో రెండువైపులా తప్పులు చాలా ఉన్నవని తేల్చినారు. నిర్దోషులు ఇరుక్కొన్నారు, నిఘాదారులు తప్పించుకొన్నారు.

ఈ రెండవ తప్పు ఎంత ప్రమాదమో గణితంతో చూడవచ్చును. జాబితాకు చిక్కని నిఘాదారుడు నూరుమందిలో ఒక్కడే అనుకొందాము. ఒక అపరిచితుని కలిసినప్పుడు అతడు నిఘాదారుడు కాకపోయే సంభావ్యత 0.99. నూరుమందిని కలిస్తే 0.99ను నూరుసార్లు గుణించవలెను. అది సుమారు 0.37. అనగా కనీసం ఒక్క నిఘాదారుడైనా ఎదురయ్యే అవకాశం నూటికి 63 పాళ్లు. సాధారణమైన ఒక ఫైలుకే నూరుమందిని కలవడం వింత కాదు. నూటికి ఇద్దరైతే ఏమగునో విద్యార్థులు లెక్క చూడవచ్చును.

చిరునామానే మార్చి చూపే ఉపాయం వేరొకటి ఉన్నది. దానిని వీపీఎన్ అంటారు. మన ప్యాకెట్లన్నీ ముందు మధ్యవర్తి కంప్యూటరుకు పోయి, అక్కడినుండి దాని చిరునామాతో బయలుదేరుతాయి. గోడమీద మధ్యవర్తి పేరు పడుతుంది. అయితే మనమెవరమో ఆ మధ్యవర్తికి తెలుసును. అతడు పద్దులు ఉంచుతాడా లేదా అన్నది అతని మాటనుబట్టి నమ్మవలసినదే. ఇంకొక మెలిక: నడుమ వీపీఎన్ తెగిపోతే, పంపక సాఫ్ట్‌వేరు నిశ్శబ్దంగా మన అసలు చిరునామాతోనే పని సాగించవచ్చును. అందువలన వీపీఎన్ దారి తప్ప మరే దారినా పోరాదని ఆ సాఫ్ట్‌వేరులోనే కట్టడి చేసి, ఒకసారి వీపీఎన్‌ను కావాలని ఆపి, పంపకం నిలిచిపోతున్నదో లేదో చూచుకొనవలెను.