ఊలు కూడా వెంట్రుకే: తివాచీ, కుక్క, మన చర్మం – అపోహలు, వాస్తవాలు

తాడేపల్లిగూడెంలో మా అత్తయ్య వాళ్ళ ముందుగదిలో ఏలూరు తివాచీ ఒకటి ఉంది. ఎర్ర నేల మీద నీలం పూలు. మామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. కిందటి వానాకాలంలో వాళ్ళ కుక్కపిల్ల దాని మీద ఓ మూల ఒంటేలు పోసింది. వాసన పోవాలని అత్తయ్య బ్లీచింగ్ పౌడరు నీళ్ళు పోసి, ప్లాస్టిక్ బ్రష్షుతో గట్టిగా తోమింది. ఆ నీళ్ళతోనే కుక్కపిల్ల కాళ్ళూ కడిగింది. సాయంత్రానికి తివాచీ మీద అరచేయంత మేర ఊలు జిగురులా మెత్తబడి ఊడొచ్చేసింది, లోపలి నూలు పోగులు తేలాయి. కుక్కపిల్ల వేళ్ళ సందులు ఎర్రబడ్డాయి. అత్తయ్య చేతులు నాలుగు రోజులు మండాయి.

"శుభ్రం చేద్దామనే కదరా చేశాను" అంది నాతో.

నిజమే, శుభ్రం చేద్దామనే చేసింది. ఘాటుగా ఉంటేనే మురికి పోతుందని మనందరం నమ్ముతాం. ఆ నమ్మకం తివాచీని, కుక్కను, చర్మాన్ని ఒకేలా దెబ్బతీయడానికి కారణం ఉంది. గొర్రె ఊలు, కుక్క బొచ్చు, మన జుట్టు, గోళ్ళు, చర్మం పైపొర – వీటన్నిటికీ బలం కెరటిన్ అనే మాంసకృత్తే. నమ్మకం కుదరకపోతే తివాచీ పైవైపు ఊలు పోగు ఒకటి కత్తిరించి, స్టీలు పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల అంటించి చూడండి. మంట ఓ పట్టాన అంటుకోదు, అంటుకున్నా పుల్ల తీసేయగానే ఆరిపోతుంది. జుట్టు కాలిన కమురు వాసన వస్తుంది. మిగిలిన నల్లటి బూడిదను వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. అదే ప్లాస్టిక్ నూలైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. కొనేటప్పుడు అసలు ఊలో కాదో తేల్చుకోవడానికీ ఈ పరీక్షే మేలు.

కెరటిన్‌కు క్షారం గిట్టదు. బ్లీచింగ్ పౌడరు, చాకలి సోడా, బట్టల సబ్బు అన్నీ క్షారాలే. బ్లీచింగ్ ద్రావణంలో ఊలు పోగు నానబెడితే కరిగిపోతుంది కూడా. ఇక్కడి నుంచి ఒక్కొక్క అపోహ దగ్గరికీ వెళ్దాం.

"తివాచీని ఎండలో వేసి కర్రతో బాదితేనే దుమ్ము పోతుంది"

ఏలూరు తివాచీ ఆషామాషీ వస్తువు కాదు. పర్షియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నేతగాళ్ళ కుటుంబాలు తెచ్చిన విద్య అది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్ళాయి. ఏలూరు తంగెళ్లమూడిలో మగ్గం ముందు కాసేపు కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. నిలువు పోగులకు ఊలు ముడి వేయడం, కత్తితో తెంపడం, మళ్ళీ ముడి. వరస నిండాక అడ్డపోగు దూర్చి, ఇనుప పళ్ళ పంజాతో దిగ్గొట్టడం. రోజంతా చేసినా పెరిగేది కొన్ని వేళ్ళ మందమే. అలా బిగించిన ముడుల్ని గోడ మీద వేసి కర్రతో బాదితే, మడత పడిన చోట లోపలి నూలు తెగుతుంది. రోహిణీ కార్తె ఎండలో రోజంతా పరిస్తే రంగు వెలిసిపోతుంది.

చేయాల్సింది తేలిక. తివాచీని బోర్లా వేసి, దాని మీద నాలుగడుగులు నడిచి, మెల్లగా లేపండి. ఎంత ఇసుక రాలిందో నేల మీద కనిపిస్తుంది. వేక్యూమ్ క్లీనర్ వాడితే తిరిగే బ్రష్షు తీసేసి, పీల్చే గొట్టం ఒక్కటే వాడండి. పొద్దుటి ఎండలో ఓ గంట, వెనక వైపు పైకి ఉండేలా వేస్తే చాలు. కొత్త తివాచీ నుంచి మొదటి కొన్ని నెలలు బొచ్చు రాలుతుంది. అది నకిలీ అన్న గుర్తు కాదు, కత్తిరించినప్పటి తునకలు పైకి రావడమే. ఏదైనా పోగు పైకి తేలితే లాగకండి. కత్తెరతో మిగతా వాటికి సమంగా కోయండి.

ఒంటేలు పడితే వెంటనే పాత నూలుగుడ్డ అద్ది, పైన నిలబడి పీల్పించండి. రుద్దితే లోపలికి దిగుతుంది. తరవాత చల్లటి నీళ్ళు కొద్దిగా చిలకరించి మళ్ళీ అద్దండి. నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్ కొద్దిగా వాడొచ్చు, ముందు వెనక వైపు ఓ మూల రంగు దిగుతుందేమో చూసుకోవాలి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు మాత్రం వద్దు. మురిగిన ఒంటేలు నుంచి వచ్చే ఘాటు కూడా అమ్మోనియాదే కాబట్టి, కుక్క మళ్ళీ అక్కడికే వస్తుంది. చివరగా ఫ్యాను కింద రెండు వైపులా ఆరాలి. పైన పొడిగా ఉండి లోపల తడిగా ఉంటే నూలు కుళ్ళిపోతుంది.

"చుట్టి, కలరా ఉండలు వేసి మంచం కింద పెడితే పదేళ్ళు భద్రం"

పురుగుకు కావలసింది సరిగ్గా ఇదే: చీకటి, కదలిక లేని చోటు. ఊలు కొరికేవి చిమ్మెట పిల్లలు, తివాచీ పురుగు పిల్లలు. కెరటిన్‌ను అరిగించుకోగల జీవులు లోకంలో చాలా తక్కువ, వాటిలో ఇవి ఉన్నాయి. కలరా ఉండలు గాలి చొరబడని పెట్టెలో అయితే పనిచేస్తాయి. గదిలో పడేస్తే పురుగు చావదు గానీ మనం ఆ ఆవిరి పీలుస్తాం. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. మిఠాయి అనుకొని కుక్కపిల్ల మింగినా విషమే. తివాచీని వాడుతూ, నడుస్తూ, రెండు నెలలకోసారి తిరగేస్తూ ఉండటమే దానికి రక్ష.

"కుక్కకు రోజూ మన సబ్బుతోనే స్నానం, గోమార్లకు కిరసనాయిలు"

మన చర్మం కాస్త ఆమ్లపు గుణంతో ఉంటుంది, పీహెచ్ 5 దరిదాపుల్లో. కుక్కది అంతకన్నా తటస్థంగా ఉంటుంది, పైపొర మనకన్నా పల్చన. మన ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 వరకూ ఉంటుంది. రోజూ రుద్దితే చర్మంలోని నూనె పోయి, పొట్టు లేచి, దురద మొదలవుతుంది. దురద చూసి మురికి అనుకొని మళ్ళీ సబ్బు! ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నెలకోసారి, బురదలో పొర్లితే ఇంకోసారి, కుక్కల షాంపూతో స్నానం చాలు.

గోమార్లకు కిరసనాయిలు పూస్తే చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫినాయిలు, యాంటీసెప్టిక్ ద్రావణాలు పిల్లులకు మరీ ప్రమాదం, వాటి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను విరిచేయలేదు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. అసలు పొరపాటు ఏమిటంటే, మనం గోమారిని కుక్క మీదే వెతుకుతాం. రక్తం తాగి నిండిన ఆడ గోమారి కుక్క మీద నుంచి దిగిపోయి, గోడ నెర్రెల్లో, తివాచీ అంచు కింద వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు పశువైద్యులు చెప్పిన మందు, ఇంటికి నెర్రెలు పూడ్చడం, తివాచీ లేపి ఊడ్వడం – మూడూ కలిస్తేనే పోతాయి.

ఎండాకాలం కుక్క బొచ్చు గొరిగించడం కూడా మేలు కాదు. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. అది ఒళ్ళు చల్లబరుచుకునేది నాలుక బయటపెట్టి రొప్పడంతో. బొచ్చు ఎండను ఆపుతుంది. కొల్లేరు చుట్టుపక్కల గాలిలోనే నీళ్ళుంటాయి కాబట్టి రొప్పినా తడి ఆరదు. మే నెలలో మధ్యాహ్నం దానికి నీడ, గిన్నెలో నీళ్ళు, ఫ్యాను ఉండాలి. పిల్లికి పాలు, కుక్కకు ఉల్లిపాయ సాంబారు, జ్వరమొస్తే పారాసెటమాల్ బిళ్ళ కూడా మానండి. ఆ బిళ్ళ ఒక్కటే పిల్లిని చంపగలదు.

"చేపలు తిని పాలు తాగితే బొల్లి"

చేపే జీవనమైన సీమలో ఈ మాట ఇంతగా పాతుకుపోవడం నాకు ఎప్పుడూ బాధ. కైకలూరు, ఆకివీడు వైపు భోజనంలో కొర్రమీను పులుసు ఉంటే ఆ పూట పిల్లలకు పాలు ఇవ్వని ఇళ్ళున్నాయి. బొల్లి శరీర రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. తిండి కలయికతో రాదు. బెంగాల్లో పెరుగులో చేప వండుకొని తరతరాలుగా తింటున్నారు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: బొల్లి కుష్టు కాదు, అంటదు. బొల్లి ఉన్న పిల్ల పెళ్ళి ఆగిపోవడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు.

తామర మాత్రం అంటుతుంది. చేపల చెరువుల్లో, వరి మళ్ళలో రోజంతా తడిగా ఉండేవాళ్ళను అది వదలదు. రాత్రికి దురద తగ్గించే ట్యూబు మందులషాపులో అడిగి తెచ్చుకుంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గుతుంది, ఫంగస్ లోపల పాకుతుంది, నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత మచ్చ పళ్ళెమంత అవుతుంది. చర్మం పల్చబడి చారలు పడతాయి. సున్నం, జీడిరసం పూస్తే తామరతో పాటు పుండు. చర్మ వైద్యులు రాసిన మందు, తగ్గిందనిపించినా వాళ్ళు చెప్పిన రోజు దాకా వాడాలి. వేరే తువ్వాలు పెట్టుకోవాలి, వేళ్ళ సందులు తుడుచుకోవాలి. ఇంట్లో పిల్లలకు తామర మళ్ళీ మళ్ళీ వస్తుంటే పిల్లికూన ఒంటి మీద గుండ్రటి బోడి మచ్చలున్నాయేమో చూడండి. దానికీ వైద్యం కావాలి.

"కుక్క కరిస్తే పసరు మింగాలి, కాటు మీద కారం పెట్టాలి"

ఇంతసేపూ సబ్బు వద్దన్నాను. సబ్బు నిజంగా కావలసిన చోటు ఒకటుంది, అక్కడే మనం వాడం. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చీల్చి వైరస్‌ను చంపుతుంది. కారం, సున్నం, కాఫీ పొడి, పసుపు గాయాన్ని రేపి వైరస్‌ను నరాల దాకా తోస్తాయి. లక్షణాలు బయటపడిన తరవాత మందు లేదు. పసరు తాగినవాళ్ళలో బతికినవాళ్ళు, అసలు రేబిస్ సోకనివాళ్ళే.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల భయం పాతకాలపుది. ఆ టీకా తయారీని దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు చేతి మీద చర్మంలోకి నాలుగు విడతలు: మొదటి రోజును సున్నాగా లెక్కిస్తే 0, 3, 7, 28వ రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పథ్యం లేదు. గర్భిణులూ వేయించుకోవాలి. రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు, దాన్ని అడిగి వేయించుకోండి. పది రోజులు కుక్కను చూసి తరవాత వెళ్దామనుకోవద్దు. ముందు మొదలుపెట్టి, కుక్క పదో రోజుకీ బాగుంటే మిగతా విడతల సంగతి డాక్టరు చెబుతారు. సొంత కుక్కే కదా, పిల్లి గీరిందే కదా అని ఊరుకోకండి.

అన్నిటికన్నా ముందు కుళాయి కింద, మామూలు సబ్బుతో, గడియారం చూసుకొని పదిహేను నిమిషాలు కడగండి. ఈ ఒక్క సంగతి మీ పిల్లలకూ, మీ చెరువు మీద పనిచేసేవాళ్ళకూ ఈ రోజే చెప్పండి.